నీటి అడుగున మన పొలిమేర

గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు రాలిన సున్నపు పెచ్చుల్ని ట్రాక్టరుకెత్తి చెరువు గట్టున పోశారు. వాటిలో ఒకటి తీసి వెలుగులో తిప్పి చూశాను. బట్టీలో సరిగా కాలకుండా మిగిలిన చిప్ప ముక్క ఒకటి అందులో అంటుకుని ఉంది. గోరంత ఉంటుంది. అంచు నుంచి మొదలుదాకా విసనకర్ర ఈనెల్లాంటి గీతలు, లోపలివైపు ఇంకా పోని మెరుపు.

ఆ రోజుల్లో ఇళ్ళకు గుల్లసున్నం వాడేవాళ్ళు. ఉప్పుటేళ్ళ దగ్గరా తీరం ఇసుకలోనూ ఏరిన గుల్లల్ని బొగ్గుతో కలిపి వరసలు వరసలుగా బట్టీలో పేర్చి కాల్చేవాళ్ళు. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే బుసబుస పొంగి పిండయ్యేది. దాన్ని ఇసుకతో కలిపి ఎడ్లు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరితే గచ్చు. అందులో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసేవాళ్ళు. సిమెంటు బస్తా వచ్చాక గానుగ పోయింది, బట్టీ పోయింది, ఆ పని తెలిసిన మేస్త్రీలూ పోయారు. పత్తి, మిరప పండే నల్లరేగడి మనిషికి సముద్రంతో ఏం సంబంధం అనుకుంటారు గానీ, మా గోడల నిండా సముద్రం అడుగున బతికిన ప్రాణులే ఉండేవి.

అమ్మమ్మగారి ఊరు వేటపాలెం పక్కన. వేసవి సెలవులకు పర్చూరు మీదుగా చీరాల వైపు వెళ్తుంటే, చాలాసేపు పర్రెలు విచ్చిన నల్లనేల. చీరాల దగ్గర పడేసరికి నేల ఉన్నట్టుండి తెల్లబడేది. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, వేరుశనగ. ఇసుక దిబ్బల మధ్య దొరువులు. నాలుగైదు మూరలు తవ్వితే చాలు, పక్కలకు ఇసుక జారుతూ, అడుగున తియ్యటి నీళ్ళు ఊరేవి. రెండు కుండలు రెండు చేతులా పట్టుకుని దొరువులోకి దిగి, నిండాక పైకెక్కి మొక్కల మీద కుమ్మరించడం అక్కడి ఆడా మగా అందరికీ వచ్చిన పని. ఇప్పుడు దొరువుల స్థానంలో గొట్టపు బావులొచ్చాయి. మోటార్లు ఎక్కువ తోడిన చోట ఉప్పునీరు వస్తోంది.

కొత్త దొరువు తవ్వినప్పుడు ఇసుకతోపాటు గవ్వలు, ఆల్చిప్పలు పడేవి. సముద్రం అక్కడికి చాలా దూరం. "ఒకప్పుడు సముద్రం ఇక్కడే ఉండేదిరా" అని తాతయ్య అంటే పురాణం అనుకునేవాణ్ణి. ఆయన మాట నిజమే. బాపట్ల, చీరాల ప్రాంతాల్లో తీరానికి సమాంతరంగా, లోపలి ఊళ్ళదాకా వరసలు కట్టి ఉన్న ఇసుక దిబ్బలన్నీ వేరువేరు కాలాల్లో సముద్రపు ఒడ్డులు. సుమారు 6,000 ఏళ్ళ కిందట కెరటం లోపలి వరసల దగ్గర విరిగేది. ఆ తర్వాత కృష్ణ తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని నెట్టుకుంటూ వెళ్ళి డెల్టా కట్టింది.

తాతయ్యకు తెలియని సంగతి ఇంకొకటుంది. అంతకు ముందు సముద్రం ఇప్పటికంటే చాలా దూరంగా ఉండేది. సుమారు 20,000 ఏళ్ళ కిందట సముద్రపు నీళ్ళు ఎన్నో నేల మీద మంచుగడ్డలుగా పేరుకున్న కాలంలో, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇవాళ్టికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. అంటే నిజాంపట్నం, మోటుపల్లి ఎదురుగా ఇవాళ పడవలు వేటాడే నీళ్ళ కింద ఉన్నది నేల. దాని మీద కృష్ణ పారింది. వాగులు కలిసి ఉంటాయి, చిత్తడి అడవులు పెరిగి ఉంటాయి, జింకలు మేసి ఉంటాయి. అదే నదికి ఎగువన, నాగార్జునకొండ లోయలో, అంతకంటే ఎంతో ముందు నుంచే మనుషులు రాతి పనిముట్లతో బతుకుతున్నారు. అలాంటి మనుషులు నదిని పట్టుకుని ఈ మైదానంలోకి దిగలేదనుకోవడానికి నాకు కారణం కనిపించదు. మంచు కరిగింది. వేల ఏళ్ళపాటు నీరు మెల్లగా ఎక్కుతూ వచ్చింది. ఆ నేల మునిగిపోయింది.

ఆ నీటి కింద ఏముందో మొదట చూసినవాళ్ళలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళున్నారు. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ విశాఖపట్నం వచ్చి, భూగర్భ శాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్‌తో కలిసి బంగాళాఖాతం అడుగును పరిశోధించాడు. మన తీరం వాలు మీద ఉన్న మూడు లోతైన లోయలకు ఆయన ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. ఒక తెలుగు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మాస్టారి పేరు సముద్రం అడుగున ఒక లోయకు ఉందన్న సంగతి మన బడి పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు. ఉండాలి.

ఇక మోటుపల్లి. ఇవాళ బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర చిన్న ఊరు. కాకతీయుల కాలంలో తెలుగు దేశపు పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనపు స్తంభం ఉంది. వర్తకం గురించిన శాసనంగానే దాన్ని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అది మునిగిన ఓడల శాసనం. అంతకు ముందు రాజులు, ద్వీపం నుంచి ద్వీపానికి పోతూ తుఫాను గాలికి దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, ఏది ఉన్నా బలవంతంగా లాక్కునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు ఆ లెక్కల్లో కనిపిస్తాయి. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు అభయమిచ్చాడు. మా పొలాల్లో నిలబడితే కనిపించేవి ఆ కొండవీటి కొండలే.

చట్టం చేయాల్సినన్ని ఓడలు ఆ ఒడ్డున పగిలాయన్నమాట. ఒడ్డుకు రాకుండా మునిగినవి ఎన్నో.

వాటిలో మన పత్తి ఉండేది. నల్లరేగడిలో పండిన పత్తి నూలై, గుడ్డై, తీరం ఇసుకలో దొరికే చిరివేరుతో ఎర్రరంగు పులుముకుని ఓడలెక్కేది. నిజాంపట్నం చుట్టుపక్కల చిరివేరు ఎరుపుకు పేరు. 13వ శతాబ్దం చివర మార్కో పోలో తన గ్రంథంలో ఈ దేశపు సన్నటి బట్టల్ని మెచ్చుకున్నాడు. 1606లో డచ్చివాళ్ళు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు నిజాంపట్నం రేవుకు వచ్చింది ఈ గుడ్డ కోసమే. రసాయన రంగులొచ్చాక చిరివేరు తవ్వేవాళ్ళు లేకుండా పోయారు. చీరాల, వేటపాలెం మగ్గాలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి.

ఓడ నుంచి ఒడ్డుకు సరుకు చేర్చేది కుట్టు పడవ. చిన్నప్పుడు అలాంటి పడవ ఒకటి ఒడ్డున బోర్లించి ఉండగా దగ్గరగా చూశాను. ఎక్కడా ఇనప మేకు లేదు. పలక అంచుల వెంట వరసగా బెజ్జాలు, వాటిలోంచి కొబ్బరిపీచు తాడు అడ్డంగానూ ఏటవాలుగానూ బిగించి ఉంది. పలకల సందుల్లో గడ్డి కూరి, దాని మీదుగా కుట్టారు. నొక్కితే పలక కాస్త ఒదిగేది. కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టింది వంగి ఊరుకుంటుంది. ఇప్పుడు ఆ తీరమంతా ఫైబరు బోట్లే. ఆ కుట్టు తెలిసిన చేయి నాకు మళ్ళీ కనపడలేదు.

మోటుపల్లి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన, ఎక్కడ వల వేయకూడదో నాకు చెప్పాడు. "ఆ గుడి శిఖరం, ఆ ఒంటి తాడిచెట్టు ఒక వరసకొచ్చినప్పుడు ఆగాల బాబూ. ఆడ వలేస్తే సిరిగిపోద్ది. అడుగున ఓడుందని మా తాత చెప్పేవోడు."

"నువ్వు చూశావా తాతా?"

"నేనేడ సూత్తాను? వల సూసింది."

ఆ మాటలో ఎంత శాస్త్రముందో తర్వాత తెలిసింది. ఒడ్డున రెండు గురుతుల్ని ఒక గీతలోకి తెచ్చుకుని సముద్రంలో తానున్న చోటు తేల్చుకోవడం నావికులందరి విద్య. వల పట్టేచోట ఉన్నది రాయి కావచ్చు, చెట్టు మొద్దు కావచ్చు, ఓడ కావచ్చు. వెళ్ళి చూడాల్సిన చోటు అని మాత్రం తేలుతుంది. ఆ తాడిచెట్టు ఇప్పుడు లేదు. కుర్రవాళ్ళు జీపీఎస్ చూసుకుని వెళ్తున్నారు. పాత గురుతులు ముసలివాళ్ళతోపాటే పోతున్నాయి.

వెళ్ళి చూసే పద్ధతులు మాత్రం ఎంతో మారాయి. వెనకటికి సీసపు గుండును తాడుకు కట్టి లోతు కొలిచేవాళ్ళు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూసేవాళ్ళు. పైకి లాగాక ఆ కొవ్వుకు అంటుకున్న ఇసుక, బురద, గవ్వ ముక్క చూసి సరంగు తానెక్కడున్నాడో చెప్పేవాడు. ఇప్పుడు నౌక వెనక తాడుతో లాగే సోనార్ రెండు పక్కలకూ శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో అడుగు బొమ్మ గీస్తుంది. అడుగు మీద లేచి ఉన్న దేని వెనకైనా ధ్వని అందని నీడ పడుతుంది. ఓడ చాలాసార్లు ఆ నీడతోనే దొరుకుతుంది. ఇంకో రకం ధ్వని బురద లోపలికి దిగి, కింద పూడిన పాత నదీ గర్భాల్ని కూడా చూపుతుంది. మాగ్నెటోమీటరు ఇనుమును పట్టేస్తుంది. మేకుల్లేని కుట్టు ఓడనూ రాతి లంగరునూ అది పట్టలేదు. అందుకే మోటుపల్లి కాలపు ఓడల్ని వెతకడానికి ఓపిక కావాలి. కృష్ణ బురద కింద గాలి సోకని చోట కొయ్య చాలాకాలం నిలుస్తుంది, ఓడపురుగు దాన్ని తినలేదు. నదే ముంచి నదే కాపాడిన ఓడలు అక్కడ ఉండవచ్చు.

విశాఖపట్నం దగ్గర 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాన్ని మన నౌకాదళం తన కొత్త సబ్‌మెరీన్ రక్షణ వాహనంతో గుర్తించినట్టు 2024లో వార్తలొచ్చాయి. 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా ఆ తీరం దగ్గరే ఉంది. చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో వాటిని కదిలించకుండా వదిలేశారు. మంచి పని చేశారు. కృష్ణా గోదావరి బేసిన్ లోతుల్లో, వెలుగు చేరని చోట, నేలలోంచి ఊరే మీథేన్ మీద ఆధారపడి బతికే ఆల్చిప్పల్ని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు సింధు సాధన నౌక మీద వెళ్ళి 2018లో కనుక్కున్నారు. అంతంత లోతుకు వెళ్ళగలిగినవాళ్ళకు మోటుపల్లి ఎదుటి లోతు తక్కువ నీళ్ళు ఒక లెక్క కాదు.

మునిగిన నేల గురించి మన ఉమ్మడి గుంటూరు జిల్లాకు తెలిసినంత దేశంలో ఎవరికీ తెలియదు. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు, నీళ్ళొచ్చేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయనంతా తవ్వారు. పాత రాతియుగపు పనిముట్లు, కొత్త రాతియుగపు సమాధులు, ఇక్ష్వాకుల విజయపురి, అన్నిటినీ కొలిచి, గీసి, ఫొటోలు తీసి, కొన్నిటిని కొండ మీదికీ అనుపుకూ తరలించారు. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. మన గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో పచ్చదనం ఆ లోయ మునగడం వల్ల వచ్చిందే. అది మరిచిపోకూడని రుణం. అయితే ఆ డ్యామూ, ఎగువన కట్టిన మిగతావీ ఒండ్రును ఆపేయడంతో కృష్ణ డెల్టా అంచు ఇప్పుడు చాలాచోట్ల కోతకు గురవుతోంది. మునగబోయే లోయకు అంత శ్రద్ధ చూపిన జిల్లా మనది. ముందే మునిగిపోయిన తీర మైదానానికి అందులో కొంచెమైనా దక్కాలి.

డబ్బు లేదనే మాట ముందుగా వస్తుంది. బ్రిటన్‌లో ఏం చేశారో చూడండి. 1931లో కొలిండా అనే చేపల పడవ ఉత్తర సముద్రంలోంచి లాగిన పీట్ గడ్డలో, జింక కొమ్ముతో చేసిన పళ్ళ ఈటెమొన దొరికింది. అక్కడొకప్పుడు మనుషులు తిరిగిన నేల ఉండేదని దానితో గట్టిగా నమ్మారు. ఈ శతాబ్దం మొదట్లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో విన్స్ గాఫ్నీ బృందం, చమురు కోసం ఎప్పుడో చేసిన సర్వే లెక్కల్ని అడిగి తీసుకుని, అందులో చమురువాళ్ళకు అక్కర్లేని పై పొరల్ని చదివింది. నదులు, సరస్సులు, కొండవాలులు, ఒక మునిగిన దేశమే బయటపడింది. కొత్తగా ఓడ కదిలించాల్సిన పని లేకుండానే మొదలుపెట్టారు.

మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ చమురు, గ్యాసు కోసం దశాబ్దాలుగా ధ్వనితో సర్వేలు జరుగుతున్నాయి. ఆ లెక్కల్లో పైపొర చమురువాళ్ళకు లాభం తెచ్చేది కాదు. దాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ ఇప్పించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. నిజాంపట్నం నుంచి మోటుపల్లి దాకా లోతు తక్కువ నీళ్ళలో ఒక పురావస్తు సర్వే జరగాలి. అడుగును గీరుకుంటూ పోయే ట్రాలు వలలు మిగిలింది చెదరగొట్టకముందే జరగాలి.

అది జరిగేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. వాడరేవులోనో, సూర్యలంకలోనో, నిజాంపట్నంలోనో మీకు తెలిసిన ముసలి సరంగు ఎవరైనా ఉంటే, ఆయన పక్కన కూర్చుని వల ఎక్కడ పట్టేదో, ఒడ్డున ఏ గురుతులు చూసుకునేవాడో అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. దగ్గర్లోని కాలేజీ చరిత్ర శాఖకో భూగర్భ శాస్త్ర శాఖకో ఒక నకలు ఇవ్వండి. ఈ ఏడే చేయండి.