కవరు లేని లేబులు

తపాలాబిళ్ళలా కనిపిస్తూ తపాలాబిళ్ళ కానివాటిని సేకర్తలు సిండరెల్లాలంటారు. అంచున చిల్లులుంటాయి, వెనుక జిగురుంటుంది, ముచ్చటైన బొమ్మా ఉంటుంది. రుసుముగా మాత్రం చెల్లవు. బడిలో మా చేత కొనిపించిన క్షయ నివారణ బిళ్ళలు ఆ కోవలోవే. 1904లో డెన్మార్కులో ఐనార్ హోల్బోల్ అనే తపాలా ఉద్యోగి మొదలుపెట్టిన ఆనవాయితీ అది. 1930లలో కలకత్తా వాసి స్టీఫెన్ స్మిత్ రాకెట్లలో ఉత్తరాలు పంపే ప్రయోగాలు చేసి, వాటికోసం లేబుళ్ళు అచ్చువేయించాడు. అవీ సిండరెల్లాలే. ఆయన పేర మన తపాలాశాఖ 1992లో అసలైన బిళ్ళే విడుదల చేసింది!

ఎయిర్‌మెయిల్ లేబుళ్ళను కూడా చాలామంది ఈ గూటికే చేరుస్తారు. నా దగ్గర ఒకటుంది. నీలిరంగు కాగితం మీద ఇంగ్లీషు, దాని కింద ఫ్రెంచి. ఫ్రెంచివారెలా పలుకుతారో గాని, మేము మాత్రం "పార్ ఏవియన్" అనే చదివేవాళ్ళం.

మా మాతామహులు రంగూనులో ఒక బియ్యపుమిల్లు గుమాస్తా. 1942లో అక్కడినుండి కాలినడకన బయలుదేరినవారిలో ఆయన కూడా ఉన్నారని విన్నాం, ఇల్లు చేరలేదు. అమ్మమ్మ రేకుపెట్టెలో ఉత్తరాలను చెదలు తినగా నాలుగైదు కవర్లు మిగిలాయి. 1970లలో, నా పదో ఏట, ఆ కవర్లను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి బిళ్ళలూ లేబులూ ఊడదీశాను. సిరా కరిగి నీళ్ళు నీలంగా మారాయి. ముద్దయిపోయిన కవర్లను పెరట్లో పారేశాను. అమ్మమ్మకు చదువు రాదు. నన్నొక్క మాటా అనకుండా, బిళ్ళలు ఆరేసుకోమని తన పాతచీర ముక్క పరిచి ఇచ్చింది.

ఈమధ్య ఆ లేబులును ఒక పెద్దాయనకు చూపించాను. భూతద్దం కింద కాగితాన్నీ, అచ్చునీ, అంచునీ పరీక్షించి, "కవరేదీ?" అన్నారు. విడి లేబులుకు, అరుదైన రకమైతే తప్ప, ధర పలకదట. కవరు మీద ఉంటే ఎవరు, ఎప్పుడు, ఏ దారిన, ఎంత రుసుముతో పంపారో తెలుస్తుంది. అందులోనూ తపాలా ముద్ర సగం లేబులు మీద, సగం కవరు మీద పడి ఉండాలి. పాత కవరుకు విడి లేబులు అంటించి అమ్మేవారు లేకపోలేదు. ముద్ర గీత ఎక్కడా తెగకుండా సాగిందో లేదో చూడటమే వారిని పట్టుకునే ఉపాయం.

నా లేబులు మీద కూడా ముద్ర ఉంది. నల్లటి వంపు, దాని లోపల రంగూను పేరులోని చివరి మూడు అక్షరాలు. తేదీ ఉన్న సగం కవరు మీద పడింది. రంగూనుకు విమాన టపా వచ్చినప్పటినుండి యుద్ధం దాకా ఎప్పటిదైనా కావచ్చన్నారాయన. ఆ కవరే ఆయన చివరి ఉత్తరానిదా, ముందెప్పటిదో తెలుసుకునే దారిని నా చేతులతోనే కడిగేశాను.

ఎంతకు అమ్ముడవుతుందని మళ్ళీ అడగలేదు. తాతగారి తిథి తెలియదు గనుక మా మేనమామ ఏటా మహాలయ అమావాస్యనాడే తర్పణం విడుస్తారు. మొన్నటి అమావాస్యకు లేబులును వెంట తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆ మూడు అక్షరాలనూ వేలితో తడుముతూ చాలాసేపు చూశారు.