అమీర్‌పేటలో తెలుగు మీదుగా ఇంగ్లిష్

అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి సందులో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ తరగతి. సాయంత్రం బ్యాచ్‌లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ముందు వరుసల్లో ఇంటర్వ్యూలకు తయారవుతున్న బీటెక్, డిగ్రీ పిల్లలు, ఒక నర్సు.

నర్సు లేచి తన గురించి చెప్పింది: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్." ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ మాత్రం, "అదే మాట తెలుగులో చెప్పమ్మా" అన్నారు.

"రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను."

మేడమ్ ఆ వాక్యం బోర్డు మీద రాసి 'నుంచి' కింద గీత గీశారు. '2022 నుంచి' అన్నా, 'రెండేళ్ల నుంచి' అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో పని మొదలైన సమయం చెప్పాలంటే సిన్స్, ఎంతకాలమో చెప్పాలంటే ఫర్. పైగా మనకు 'పనిచేస్తున్నాను' సరిపోతుంది. అక్కడ గడిచిన కాలాన్నీ కలుపుకోవాలి కనుక 'హ్యావ్ బీన్ వర్కింగ్' అనాలి. ఆ అమ్మాయి తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించింది, అంతే. అందులో నవ్వాల్సిందేమీ లేదు.

తర్వాత 'ఎ', 'యాన్'. ఏ, ఈ, ఐ, ఓ, యూ అని బట్టీపట్టిన పిల్లలు 'యాన్ యూనివర్సిటీ' అన్నారు. మాటల్ని తెలుగు అక్షరాల్లో రాయమన్నారు మేడమ్. యూనివర్సిటీ హల్లుతో మొదలైంది కాబట్టి 'ఎ'. అవర్‌లో హెచ్ పలకదు, మొదట ఉన్నది అచ్చు, కాబట్టి 'యాన్'. ఎంబీఏకి యాన్, బీటెక్‌కి ఎ. ఈ నియమం స్పెల్లింగును పట్టించుకోదు, చెవికి వినబడేదే చూస్తుంది. పలికినట్టే రాసే లిపి మన చేతిలో ఉండగా దీనికి బట్టీ ఎందుకు? కొన్నిచోట్ల మాత్రం జాగ్రత్త పడాలి. యాపిల్, యాక్టర్ అని రాసేటప్పుడు ఆ 'య' మనం చేర్చుకున్నది. ఇంగ్లిష్‌లో అక్కడ ఉన్నది అచ్చే, కాబట్టి 'యాన్' రావాలి.

'ది' దగ్గర అందరూ తడబడ్డారు. వినేవాళ్లకు ఏ వస్తువో తెలిసి ఉంటే 'ది' అని చెప్పి, మిగతాది చదవగా చదవగా పట్టుబడుతుందన్నారు మేడమ్. నిజమే, దానికి దగ్గరిదారి లేదు.

తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే కోచింగులూ ఉన్నాయి. ఇంగ్లిష్ నేర్పే గురువులకు నా విన్నపం ఒకటే: పిల్లల నోట తప్పు వాక్యం వచ్చినప్పుడు, ముందు దాన్ని తెలుగులో చెప్పించండి. ఆ తర్వాత దిద్దండి.