నెగటివ్ అంటే చెడ్డదేనా?

మా ఊర్జానగర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట 'పవర్'. పవర్ స్టేషన్ పక్కనే ఉంటాం కదా! నా నోటుబుక్కులో కూడా 'పవర్ = కరెంటు' అని రాసుకున్నాను. ఆరో తరగతి నుంచి నాకు ఆ అలవాటు. రోజుకు పది ఇంగ్లీషు మాటలు, ఒక్కోదానికి ఒక్క తెలుగు మాట. మార్కులు బాగానే వచ్చేవి. అందుకే నాకు ఇంగ్లీషు వచ్చు అనుకున్నాను.

పోయిన చలికాలం బాపుకు దగ్గు పట్టుకుంది. బొగ్గు పనికి పోతాడు కాబట్టి దుమ్ము వల్లే అనుకున్నాం. రెండు వారాలైనా తగ్గలేదు. దవాఖానాలో టీబీ ఉందేమో చూడాలని తెమడ పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చిన రోజు అమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది.

"ఇంగ్లీషుల ఉన్నది బిడ్డా, ఏమని రాసిండ్రు?"

'నెగటివ్' అని ఉంది. నా నోటుబుక్కులో 'నెగటివ్ = చెడ్డది'.

"మంచిగ రాలేదమ్మా" అన్నాను.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. బాపు తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. తమ్ముణ్ణి దగ్గరికి రానీయలేదు. ఆ రాత్రి మా ఇంట్లో తమ్ముడు తప్ప ఎవరూ నిద్రపోలేదు.

తెల్లారి స్కూల్లో ఇంగ్లీషు టీచరు దగ్గర ఏడ్చేశాను. టీచరు అంతా విని, "పరీక్షలో నెగటివ్ అంటే వెతికిన జబ్బు కనబడలేదని అర్థం. అది మంచి వార్తే కదమ్మా!" అన్నారు.

సాయంత్రం ఇంటికి ఒక్కటే ఉరుకు. సంగతి చెప్పగానే బాపు నవ్వాడు. "ఒక్క రాత్రిల నన్ను రోగిని చేస్తివి కదనే!" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. తర్వాత డాక్టరు గారు మందులు మార్చారు, మెల్లగా దగ్గు తగ్గింది.

తప్పు ఆ మాటది కాదు, నేను నేర్చుకున్న తీరుది. టీచరు నాకు మూడు పనులు చెప్పారు. మాటకు నిర్వచనం రాయాలి, పర్యాయపదాలు రాయాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి. పర్యాయపదాలు ఉంటే చాలదా అని అడిగాను. "తాతయ్య కాలం చేశారు అంటాం. దోమ కాలం చేసింది అంటామా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇంగ్లీషులోనూ అంతే. మనుషులకు 'పాస్డ్ అవే', దోమకు 'డైడ్'.

'పవర్' కూడా మళ్ళీ రాశాను. మా స్టేషన్‌లో తయారయ్యేది కరెంటు. లెక్కల్లో 2 పవర్ 3 అంటే 8. నానమ్మ కళ్ళద్దాలకూ పవర్ ఉంది. సర్పంచ్‌కు ఉండే పవర్ అధికారం. ఒక్క మాటకు ఇన్ని ఇళ్ళు!

టీచరు ఇంకో సంగతి చెప్పారు. సి.పి. బ్రౌన్ గారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అదే ఏడాది లండన్‌లో రోజెట్ అనే డాక్టరు ఇంగ్లీషు మాటలను అర్థాల వారీగా గుంపులు చేసిన 'థెసారస్' వచ్చింది. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. దాని కోసం మాటలు పోగుచేయడం 1805లోనే మొదలుపెట్టారట. అన్నేళ్ళు పట్టిన పనిని నేను ఒక్క 'ఈక్వల్ టు' గుర్తుతో ముగించాలనుకున్నాను!

ఇప్పుడు రోజుకు పది కాదు, మూడే మాటలు నేర్చుకుంటున్నాను. కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో ఇలా ఉంది: "నెగటివ్ - లేదు అని చెప్పేది. వాక్యం: మా బాపు రిపోర్టు నెగటివ్, అందుకే మా ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం."

మిత్రులారా, మన ఇళ్ళలో కాగితం వస్తే ముందు మన చేతికే ఇస్తారు. తెలియని మాట ఉంటే తెలియదని చెప్పి, అడిగి తెలుసుకుందాం.