తోడు

మేము చికాగో వచ్చిన మొదటి చలికాలం మా ఇంట్లో పెరుగు తోడుకోలేదు. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారినా పాలే! మా అవస్థ చూసి పక్క అపార్ట్‌మెంటు పిన్నిగారు చిన్న గిన్నెలో తోడు ఇచ్చి, కిటుకు కూడా చెప్పారు. కాచిన పాలు గోరువెచ్చగా, సుమారు 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చల్లారాక తోడువేసి, ఓవెన్‌లో పెట్టాలి. ఓవెన్ వేడిచెయ్యకూడదు, లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. మర్నాడు గడ్డపెరుగు!

ఇక మా వంటింటికి లోటు లేదు. కమ్మగా ఉన్నప్పుడు పెరుగన్నం, కీరా పెరుగుపచ్చడి. పులిస్తే సొరకాయ ముక్కలతో మజ్జిగపులుసు. ఇంకా పులిస్తే మైదా, బియ్యప్పిండి కలిపి సాయంత్రం చల్ల పునుగులు.

అయితే మా అమ్మాయి మూడో తరగతిలో ఒకరోజు పెరుగన్నం డబ్బా అలాగే వెనక్కి తెచ్చింది. పక్కపిల్లలు వాసనన్నారట. "నాకింక ఇది వద్దమ్మా" అంది. మేము బలవంతపెట్టలేదు. బడికి శాండ్‌విచ్ పెట్టాం. రాత్రి భోజనంలో మాత్రం ఆవకాయ నంజి చివరి ముద్ద తన చేతిలో పెట్టేవాళ్ళం. కొన్నాళ్ళు తినేది, కొన్నాళ్ళు లేచిపోయేది.

మొన్న ఆగస్టులో కాలేజీ దగ్గర అద్దె ఇంటికి మారుతూ, "కాస్త తోడు ఇస్తారా?" అని తనే అడిగింది. చిన్న సీసాలో పోసి ఇచ్చాం.

పిన్నిగారు ఊరు మారి ఏళ్ళయింది. ఆవిడ ఇచ్చిన తోడు ఇప్పుడు రెండిళ్ళలో ఉంది. మీకూ కావాలంటే ఆదివారం బడికి ఓ గిన్నె తెచ్చుకోండి!