తెలుగులో ‘దే’ ఎక్కడుంది?

పేరును విశేషించడం ఏ భాషకైనా తప్పని పని. ఇల్లు అంటే చాలదు. చెక్క ఇల్లా, తాతగారి ఇల్లా, ఊరి చివరి ఇల్లా అన్నది చెప్పాలి. ఈ పనిని స్పానిషు భాష నిర్వహించే తీరు, ముప్పది ఏండ్లకు పైగా విభక్తులూ సమాసాలూ బోధించిన నాకు, పదవీ విరమణ తరువాత గాని తెలిసిరాలేదు. టెక్సాసులో చదువుతున్న మా మనుమరాలికి బడిలో స్పానిషు ఒక పాఠ్యాంశం. ఆమెకు తోడుగా నేనూ అక్షరాభ్యాసం చేశాను.

మనం చెక్క, ఇల్లు అనే రెండు నామాలను పక్కపక్కన నిలిపితే సమాసం సిద్ధిస్తుంది. స్పానిషులో సాధారణంగా అలా కుదరదు. నడుమ ఒక చిన్న అవ్యయం కావాలి. చెక్క ఇల్లు ‘కాసా దే మదేరా’. కాసా ఇల్లు, మదేరా కలప. విశేష్యం ముందు, విశేషణం వెనుక. మన వరుసకు పూర్తిగా తలక్రిందులు. తోట తలుపు ‘లా ప్వెర్తా దెల్ హర్దీన్’. ఇక్కడ ‘దే’, ‘ఎల్’ కలిసి ‘దెల్’ అయినాయి. సంధి అక్కడా ఉన్నదని తెలిసి ప్రాణం లేచివచ్చింది.

ఈ ‘దే’ మోసే బరువు ఇంతా అంతా కాదు. ఎవరిదో, దేనితో చేసినదో, ఎందుకు పనికివచ్చేదో అన్నీ అదే చెబుతుంది. కుట్టుమిషను ‘మాకినా దే కోసెర్’. ‘తాసా దే కఫే’ అంటే కాఫీ కప్పూ కావచ్చు, కప్పెడు కాఫీ కూడా కావచ్చు. సందేహం తీరాలంటే ‘కొరకు’ అనే అర్థంగల ‘పారా’ వేసి ‘తాసా పారా కఫే’ అనవచ్చు. సోడా నీరు ‘ఆగ్వా కోన్ గాస్’, మామూలు నీరు ‘ఆగ్వా సిన్ గాస్’. కోన్ అంటే తోడి, సిన్ అంటే లేని. మనం ‘ముక్కంటి’ అని ఒక్క మాటలో ముగించే బహువ్రీహిని వారు ‘ఎల్ ద్యోస్ దే త్రేస్ ఓహోస్’, మూడు కన్నుల దేవుడు, అని విడమరచి చెప్పాలి.

వరుస మారితే ఏమి ప్రమాదమో గార్సియా మార్కెస్ 1967లో ప్రచురించిన నవల పేరు చూస్తే బోధపడుతుంది. ‘సియెన్ అన్యోస్ దే సోలెదాద్’. దీనిని ‘నూరేళ్ళ ఏకాంతం’ అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని అందులో విశేష్యం ఏకాంతం; నూరేళ్ళు దానికి కొలత మాత్రమే. మూలంలో విశేష్యం ఏండ్లు. ఏకాంతం వాటి గుణం. వ్యాకరణాన్ని పట్టుకొని చెప్పాలంటే పుంప్వాదేశం చేసి ‘ఏకాంతపు నూరేళ్ళు’ అనాలి. ఏది ఇంపు, ఏది సరి అన్నది వేరే చర్చ.

ఇంతకూ మా మనుమరాలు అడిగిన ప్రశ్న: “తాతయ్యా, తెలుగులో ‘దే’ ఏది?” ‘యొక్క’ అని చెప్పి ఊరుకోవచ్చు. షష్ఠీ విభక్తిలో అది ఉన్నదే. కాని ఆ జవాబుతో ఆ పిల్ల ‘ఇల్లు యొక్క తాళం’ అంటుంది. అది తెలుగు మాటలతో పలికిన పరాయి భాష. అందుచేత, “తెలుగులో ‘దే’ విడిగా నిలబడదమ్మా, మాట లోపలికి వెళ్ళి కూర్చుంటుంది” అన్నాను. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, కన్ను ‘కంటి’, చేయి ‘చేతి’, ఊరు ‘ఊరి’. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఔపవిభక్తికములన్నది ఈ ఇ, టి, తి వర్ణాలనే. ఆ పేరు ఆమెకు చెప్పలేదు. ‘ఇంటి తాళం’, ‘కంటి చుక్క’, ‘అమ్మ చేతి ముద్ద’ అని మాత్రం పదేపదే పలికించాను.

మాటల పట్టిక పోతే నిఘంటువులో వెతుక్కోవచ్చు. ఈ ‘టి’, ‘తి’లు పోతే ఎక్కడ వెతకాలి? అవి పెద్దల నోట విని పట్టుకోవలసినవే. స్పానిషు ‘దే’కు ఆమె బడిలో గురువులున్నారు, పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. మన ‘ఇంటి’కి అక్కడ ఉన్నది ఇంటివాళ్ళే. విదేశాలలో పిల్లలను పెంచుతున్న చదువరులు దీనిని ఎలా అలవాటు చేస్తున్నారో చెబితే, రాబోయే ఆదివారపు పాఠానికి నాకు అక్కరకు వస్తుంది.