ముప్ఫై లక్షల డబుల్ సెంచరీ

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే పల్నాడు వాళ్లకి వేలం సంగతి ఒకరు చెప్పాలా? రంగుంటేనే రేటు. ఐపీఎల్ వేలమూ అంతే. అక్కడ రంగంటే సిక్సర్లు!

అందుకే షేక్ రషీద్ పేరెత్తితే నరసరావుపేట టీకొట్టు దగ్గర నేను వాదనకు దిగుతాను. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియాపై మనవాళ్లు 37కే 2 వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించాడీ గుంటూరు జిల్లా కుర్రాడు. తను కొట్టింది 94. అదీ కొవిడ్ నుంచి కోలుకుని వచ్చి! ఫైనల్లోనూ 50 చేశాడు. కప్పు మనదైంది.

ఆ డిసెంబరు వేలంలో చెన్నై పెట్టిన ధర 20 లక్షలు. రెండు సీజన్లు బెంచీకే పరిమితం. 2024 నవంబరులో రంజీలో హైదరాబాద్‌పై 203 బాదాడు. అదే నెల వేలంలో పలికింది 30 లక్షలే!

2025లో తొలి ఐపీఎల్ మ్యాచ్‌లో 19 బంతుల్లో 27 చేశాడు. ఆ తర్వాత తడబడ్డాడు. నవంబరులో చెన్నై వదిలేసింది. కాదనను. కానీ వేలం పాడేది ఇరవై ఓవర్ల ఆటకి. రషీద్‌ది నిలబడే ఆట. ఆంధ్ర రంజీ స్కోరు చూస్తే నేను ముందు వెతికేది అతని పేరే.