డ్రోన్ పైలట్ పరీక్షకు సాధన: పార్వతీపురం పొలంలో

పొలంలో మందు చల్లే డ్రోన్ నడపాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల లోపువి మైక్రో, 25 కిలోల లోపువి స్మాల్. పది లీటర్ల ట్యాంకు మోసే వ్యవసాయ డ్రోన్లు సాధారణంగా ఈ మూడో తరగతిలోకి వస్తాయి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైనవారు అర్హులు. మొదట్లో పాస్‌పోర్టు అడిగేవారు. 2023 సెప్టెంబరులో ఆ షరతు తీసేసి, ప్రభుత్వ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చాలన్నారు. మన్యం పల్లెలవారికి ఇది చిన్న మేలు కాదు. శిక్షణ, పరీక్ష పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన సంస్థలోనే జరుగుతాయి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది.

శిక్షణ రోజులు తక్కువ కాబట్టి చేతి సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టడం మంచిది. వ్యాపారానికి వాడని మైక్రో డ్రోన్‌కు సర్టిఫికెట్ అక్కర్లేదు. పార్వతీపురం శివార్లలో చూసిన సాధన అలాంటిదే. కోతలైన వరి మడిలో కొయ్యకాళ్ల మధ్య ముగ్గుపిండితో గీసిన గుండ్రం, దాని నడుమ హెచ్ అక్షరం, నాలుగు మూలలా పాతిన వెదురు కర్రలు. రిమోట్ ఒక డ్వాక్రా సంఘం మహిళ చేతిలో ఉంది, పక్కన ఆమె తమ్ముడు నిలబడ్డాడు. ఎగరేసే ముందు ఆమె ఒక్కో రెక్క అంచునూ గోటితో తడిమి చూసింది. కంటికి కనిపించని చిన్న నెర్రె కూడా గోటికి తగులుతుంది. తర్వాత బ్యాటరీ. నిండుగా ఉంటే సెల్లుకు 4.2 వోల్టులు. ఆ పైన దిక్సూచి, ఉపగ్రహాల సంకేతం.

పరీక్షలో డ్రోన్‌ను ఒకచోట కదలకుండా నిలపడం, చతురస్రం, వృత్తం, ఎనిమిది అంకె తిప్పడం ఉంటాయి. సాధారణ అమరికలో ఎడమ స్టిక్ ఎత్తునూ, తిరగడాన్నీ చూసుకుంటుంది. కుడి స్టిక్ ముందుకు వెనక్కు, పక్కలకు నడుపుతుంది. డ్రోన్ తోక మన వైపు ఉన్నంతసేపూ ఇదంతా సులువే. ముక్కు మన వైపు తిరిగిందంటే దాని కుడి మన ఎడమ అవుతుంది. “అక్కా, ఎటు జారుతోందో స్టిక్‌ను అటే నెట్టు,” అన్నాడు తమ్ముడు. ఎదురుముఖంలో పక్కకు జారే డ్రోన్‌ను ఆపే సూత్రం అదే. ఆలోచించి నెట్టేలోపు డ్రోన్ కర్ర దాటిపోతుంది, వేళ్లకే అలవాటు కావాలి. ఎనిమిదిలో కష్టం మరొకటి: కొండ వైపు నుంచి గాలి తోస్తే ఒక సున్నా పెద్దదై, రెండోది నలిగిపోతుంది. గాలికి ఎదురెళ్లేటప్పుడు కొంచెం ఎక్కువ, గాలివాలున కొంచెం తక్కువ నెట్టాలి.

మౌఖిక ప్రశ్నలకు నియమాలు కంఠస్థం కావాలి: ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ కంటి చూపులోనే ఉండాలి. సంకేతం తెగినా, బ్యాటరీ తగ్గినా ఏం చేయాలన్నది తప్పక తెలిసి ఉండాలి.

చదునైన నేల మీద నేర్చినవారికి కొండ వాలు వేరే పాఠం. చాలా డ్రోన్లు ఎత్తును బయలుదేరిన చోటి నుంచే లెక్కగడతాయి. కొండ అడుగున ఎగరేసి పై తోట వైపు నడిపితే, తెర మీద 20 మీటర్లు కనిపిస్తుండగానే జీడి కొమ్మలు తగలవచ్చు. సంకేతం తెగితే తిరిగి వచ్చే ఎత్తును దారిలోని ఎత్తైన చెట్టుకూ గట్టుకూ పైన పెట్టాలి. సీతంపేట, కురుపాం కొండల వైపు పని చేయబోయేవారు దీన్ని విడిగా సాధన చేయడం అవసరం.

చివరిది బరువు. పది లీటర్ల నీరంటే పది కిలోలు. మందు పోసే ముందు శిక్షణ సంస్థలో మంచినీళ్లతోనే చల్లడం నేర్పుతారు. నిండు ట్యాంకుతో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, సగం ఖాళీ అయ్యాక నీరు తొణికి డ్రోన్‌ను ఊపుతుంది. అందుకే సాలు చివర గట్టు రాకముందే వేగం తగ్గించి, తొణుకు సద్దుమణిగాకే పక్క సాలుకు మళ్లిస్తారు.